మావి పొర

పర్లాకిమిడి బడిగోడకి వెల్ల వేస్తున్నాను.
బాల్చీలో కుతకుతమంటున్న సున్నం
ఒక్క చుక్క ఎగిరింది.
కనుగుడ్డు నిజంగానే
ఉడికిన గుడ్డయింది.

కుళాయి కింద నా తల అదిమిపట్టింది దాలమ్మ,
అమ్మనా బూతులు తిట్టినా
గంటసేపు వదల్లేదు.

బరంపురం డాక్టరమ్మ ఒడియాలో చెప్పింది,
నర్సు తెలుగు చేసింది:
ఎవరో తల్లి కాన్పయ్యాక ఇచ్చిన మావి,
దాని పొర కంటిమీద కుట్టారట.
ఆ బిడ్డ ఆడో మగో అడిగాను.
రాసి ఉండదన్నారు.

ఏడాది తిరిగాక
మంచి కంటి అంచునుంచి నువ్వుగింజంత తీసి
చెడ్డదాంట్లో నాటారు,
నారు మడి నుంచి పీకినట్టు.

నిన్న బడి దాకా నడిచాను.
మంచి కన్ను మూసి చూశాను.
మసకే. అయినా
నేను ఆపిన చోట
మరెవడో వేసిన వెల్ల
రంగు కలవలేదు.