గడ్డ

సెప్టెంబరు చివర్లో దాన్ని మొదట చూసింది నేను కాదు,
నా బొటనవేలు.
బురద తుడుస్తుంటే లీస్కా ముక్కు మీద, ఎడమపక్క,
కందిపప్పు బద్దంత ఏదో తగిలింది.
ముల్లనుకుని గోటితో గీరబోయాను.
తల వెనక్కి లాక్కుంది.
ఆ చూపులో నొప్పి లేదు.
తలుపు తట్టకుండా లోపలికొచ్చినవాణ్ణి చూసినట్టు చూసింది, అంతే.

మిర్నా నది పక్కన ఈ ఓక్ అడవిలో
కుక్క ముక్కే మాకు పొలం.
ఇంటి మీద పెంకులు, నెవియా కళ్ళజోడు, నా రెండు పళ్ళు
అన్నీ ఆ ముక్కు తవ్వి తెచ్చినవే.
పొగమంచులో వెనకాల నడిచే చలికోటుని నేను.
అది ఆగిన చోట మోకాళ్ళ మీద కూలబడి
చిన్న పారతో మట్టి తొలిస్తే
తెల్ల ట్రఫుల్.
చూపుకి చేమదుంప, తూకానికి బంగారం.

వారానికి శనగగింజంత అయింది.
ఎర్రగా, నున్నగా, ఒక్క వెంట్రుక లేకుండా.
ఎదురింటి ఫూమా "కందిరీగ కుట్టింది, వెనిగర్ రాయి" అంది.
బార్లో ద్రాగో గ్లాసు దించకుండానే
"మా నాన్న కుక్కకీ ఇలాగే..." అని మొదలెట్టి
నా మొహం చూసి వాన సంగతి ఎత్తుకున్నాడు.
ఆ రాత్రి ఆ వాక్యాన్ని
నేనొక్కణ్ణే పూర్తిచేస్తూ పడుకున్నాను,
ఇరవై రకాలుగా.

బుజెత్‌లో పశువుల డాక్టరు మొరానా,
మా చిన్నదాని ఈడు పిల్ల.
సన్న సూది దింపింది. లీస్కా నా చంకలో తల దూర్చింది.
గాజుపలక మీద చుక్క, నీలం రంగు, మైక్రోస్కోపు.
ఎంతసేపు చూసిందంటే
గోడమీది క్యాలెండర్లో పిల్లికి ఎన్ని మీసాలో లెక్కపెట్టేశాను.
పదకొండు.
"తెలియడం లేదు," అంది.
"చెడ్డదిలా లేదు. మంచిదని చెప్పలేను.
కోసి పంపితే తెలియొచ్చు,
కానీ అక్కడ కోస్తే కలిపి కుట్టడానికి చర్మం మిగలదు.
మూడు వారాలు చూద్దాం. రోజూ కొలవండి."

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందంటారు ఇంట్లో.
ఆరోజు రాలేదు.
ఏ చెట్టు కింద ఉంది? తెలియదు.
ఎంత లోతున? తెలియదు.
అడవిలో నేను చెప్పుకునేదీ ఆ మాటే కదా.
కుక్క తోక పట్టుకుని ఏరు దాటలేమంటారు,
నలభై ఏళ్ళు అలాగే దాటాను.
ఇప్పుడా తెలియనిదే వచ్చి
దాని ముక్కు మీద కూచుంది.

నెవియా కుట్టుపెట్టెలోంచి టేపు తీశాను.
ఏడు మిల్లీమీటర్లు. ఏడు.
ఎనిమిది, కదిలింది. మళ్ళీ ఏడు.
గోడమీద పెన్సిల్ అంకెలు చూసి
"నా జ్వరం ఎప్పుడైనా రాసుకున్నావా?" అంది నెవియా.
మర్నాటి నుంచి టార్చి తనే పట్టుకుంది.

ఒక పాపం కూడా చేశాను.
ఫ్రిజ్‌లోని ట్రఫుల్ తునక గుడ్డలో చుట్టి
పెరట్లో అంజూరం కింద జానెడు లోతున పాతి
లీస్కాని వదిలాను,
వాసన పోయిందేమో చూద్దామని.
నేరుగా వెళ్ళింది. తవ్వలేదు.
దానిమీద చతికిలబడి నా వైపు చూసింది.
నా చేతుల వాసన కూడా అక్కడే పాతిపెట్టానని
తట్టలేదు నాకు.
సిగ్గుపడి నేనే తవ్వుకున్నాను.

మాట ఒకటే, గడ్డ.
మట్టికింద తగిలితే చేతులు వణుకుతాయి.
చర్మంకింద తగిలినా వణుకుతాయి.
ఈ గడ్డ మీద పుట్టి, ఈ గడ్డలే తవ్వుకు తిని,
శనగగింజంత దానికి ఎవరికి మొక్కుకోవాలో
తోచని వయసుకొచ్చాను.

ఇవాళ పద్దెనిమిదో రోజు.
తెల్లారకముందే గొలుసు చప్పుడు చేసి అదే లేపింది.
నది ఒడ్డున, పాప్లర్ చెట్ల మధ్య
మూతి మొత్తం నేలలో దూర్చి, తుమ్మి, మళ్ళీ దూర్చి
పైకి తీసేసరికి
కళ్ళదాకా బూడిదరంగు బంకమట్టి.
ఏది ముక్కో, ఏది గడ్డో, ఏది అడవో.
తుడవడానికి బొటనవేలు ఎత్తాను.
ఎత్తి, ఆపాను.
ముందు అది చూపించిన చోట తవ్వాలి.