నల్లకోటు సంగతి

మంచం మీద పెట్టె నోరు తెరుచుకుని మూడు రోజులైంది.
గ్లెనిస్ వైపు నిండిపోయింది:
మడతపెట్టిన నీలం గౌను, నలగకుండా దాని మీద పాత దిండుగలీబు,
జోళ్ళకి విడిగా సంచీ.
నా వైపు నాలుగు చొక్కాలు, బీపీ మాత్రలు.
మిగతాదంతా ఖాళీ.
ఆ ఖాళీ కోటు కోసమేనని ఇద్దరికీ తెలుసు,
పైకి అనం.

ఓడ కంపెనీ వాళ్ళు మర్యాదగానే రాశారు:
పన్నెండు రాత్రుల్లో మూడు రాత్రులు
నల్లకోటు, బో టై.
వేసుకోనివాళ్ళకి ఏ లోటూ లేదట,
పై అంతస్తులో వాళ్ళకీ భోజనం ఉంటుందట.
లోటు లేదు అన్న చోటే
ఎక్కడో తలుపు మూసుకున్న చప్పుడు.

నాకున్న నల్లకోటు ఒక్కటే.
దానికి తెలిసినవన్నీ చావులే.
రెజ్‌ని సాగనంపింది, నార్మన్‌ని సాగనంపింది,
మా అత్తగారిని జోరువానలో సాగనంపి
భుజాల దగ్గర కాస్త ముడుచుకుంది.
విందంటే ఏమిటో ముందు దానికి చెప్పాలి.
అద్దెకి తెచ్చుకోవచ్చుగా అంది గ్లెనిస్.
కొట్టువాడు చెప్పిన అద్దెకి
మా మొదటి ఫ్రిజ్ వచ్చింది.

ముప్ఫై ఒక్క ఏళ్ళు
సౌతాంప్టన్ రేవులో టగ్ పడవ నడిపాను.
అలాంటి ఓడల్ని గట్టు నుంచి ఊడలాగి, తిప్పి,
ముక్కు సముద్రం వైపు పెట్టి
తాడు వదిలేయడం నా పని.
వాటి అడుగు నాకు తెలుసు,
ఎర్రరంగు ఎక్కడ పెచ్చులూడిందో,
ఏ కంతలోంచి వంటింటి నీళ్ళు కారతాయో.
పైభాగమే తెలియదు.
మెడ నొప్పి పుట్టేలా తలెత్తితే
కమ్మీల వెంట నల్లకోట్లు, మెరిసే మెడలు,
అంత ఎత్తులో మనుషులు
తీగ మీద వాలిన పిట్టలంత.

ఒకసారి, ఒకే ఒక్కసారి,
ఒకాయన కిందికి చూసి గ్లాసు ఎత్తాడు.
నేను టీ మగ్గు ఎత్తాను.
మర్యాదా, వెటకారమా?
ఇన్నేళ్ళూ తేలలేదు.
గ్లెనిస్‌ని అడిగితే
"చెయ్యి తిమ్మిరెక్కి ఉంటుంది" అంది.

నిన్న రాత్రి అద్దం ముందు తొడిగి చూశాను.
బొత్తాం పట్టింది, ఊపిరి పట్టలేదు.
గుమ్మంలో నిలబడి చూసింది గ్లెనిస్, నవ్వలేదు.
సూదీదారం తెచ్చి బొత్తాన్ని అంగుళం జరిపింది.
పళ్ళతో దారం తెంపుతూ
నా గుండె దగ్గరే ముఖం పెట్టి అంది:
"ముప్ఫై ఒక్క ఏళ్ళు డీజిలు కంపుతో ఇంటికొచ్చావు,
ఒక్క మాటన్నానా?
మూడు రాత్రులు, ఆల్ఫ్.
ఆ గౌను కట్టుకుని నీ పక్కన మెట్లు దిగాలని ఉంది.
తర్వాత మళ్ళీ చావులకే వాడుకో,
నాదైతే నాదే."

తాడు బిగిశాక టగ్గు ఒక్క క్షణం కదలదు.
ఇంజను గొంతు చించుకుంటున్నా
నీళ్ళే వెనక్కి పోతుంటాయి.
తర్వాత ఎప్పుడో, ఎవరూ చూడనప్పుడు,
కొండ కదులుతుంది.

కోటు పెట్టెలో పెట్టాను,
చేతులు వెనక్కి మడిచి.
బో టై సంగతి ఇంకా తేలలేదు.
క్లిప్పుది చాలంటాను నేను,
ముడివేసేదే కావాలంటుంది తను.
పదిహేడు రకాల ముడులు వచ్చు నాకు,
ఇదొక్కటీ రాదు.

బయల్దేరే సాయంత్రం మాత్రం
మోచేతుల దగ్గర చిరిగిన ఆ ముదురునీలం స్వెట్టరే.
శనివారం డ్యూటీ పెర్సీ మనవడు కైరన్‌ది.
తాడు వదిలాక వాడు తలెత్తుతాడు,
అందరం ఎత్తేవాళ్ళం.
నల్లకోట్ల మధ్య నన్నెలా పోల్చుకుంటాడు?
కానీ ఇప్పటి ఓడలు వాటంతటవే తిరుగుతాయి,
గాలి ముదిరితేనే టగ్గుని పిలుస్తారు.

శనివారం గాలి గట్టిగానే ఉంటుందని
పొద్దున రేడియో చెప్పింది.
గ్లెనిస్ గొడుగు పెట్టింది.
నేను మగ్గు పెట్టాను.