చేవ్రాలు

చిలికాతీ ఊళ్లో మందుల షాపు నాది.
ముప్ఫయ్యేళ్లుగా డాక్టర్ల కోడిగీతలు చదివిన కళ్లు,
సంతకం విషయంలో నన్నెవరూ ఏమార్చలేరనుకున్నాను.

ఆ గవర్నరువి పదిహేడు ఉత్తరాలు పోగేశాను.
పాత సామాన్ల కొట్లలో, గరాజ్ అమ్మకాల్లో,
ఒకటైతే పియానో బల్ల అడుగున దొరికింది,
ఎలుక ఒక మూల రుచి చూసి వదిలేసింది.
ఎండాకాలం మాకంటే ముందు
వాటి గదికే ఏసీ.
"ఆయనేమైనా నీకు మేనమామా?"
అని నీలవేణి ఎత్తిపొడుపు.

వాటిలో నా ప్రాణం ఒక్కటి.
సయోటో పొంగిన ఏడు
కొడుకును ఏటికిచ్చుకున్న తల్లికి రాసింది:
"మీ అబ్బాయి బూట్లు గుమ్మంలోనే ఉంచారని విన్నాను.
తొందరపడి తియ్యకండి."
గవర్నరన్నవాడు ఇంత మాట రాయగలడా అని
అక్కడే ఆగిపోయేవాణ్ణి.
కింద ఆయన పేరు.
చివరి అక్షరం తోక
వట్రసుడిలా తిరిగి, మళ్లీ పైకి చూస్తూ.

కొలంబస్ నుంచి నిపుణుడి నివేదిక వచ్చింది.
పదహారు ఆయనవి కావు.
ఆఫీసులో వెర్నా హోస్టెట్లర్ అని ఒకావిడ,
పదకొండేళ్లు ఆయన పేరు ఆవిడే పెట్టింది.
నివేదిక కింద సంతకం
రబ్బరు స్టాంపు.

పదిహేడోది మాత్రం అసలు.
ఉరికంబం ఎక్కబోయే తమ్ముడి కోసం
ఒక అక్క పెట్టుకున్న అర్జీ.
అంచున ఒకే ముక్క: "తిరస్కరించడమైనది."
దానికి సొంత చెయ్యే కావాలన్నారట.
భూతద్దం పెట్టి వెతికాను, వణుకు కోసం.
సిరా ఎక్కడా తడబడలేదు.

వేలంవాడు ఫోన్ చేశాడు.
దానికైతే వేలు పలుకుతుందట,
మిగతావి పొట్లాలకి పనికొస్తాయట.
వేలం, వేలు, వేలిముద్ర,
మా భాషలో ఇవి చెయ్యీ చెయ్యీ పట్టుకుని నడుస్తాయని
అతనికి చెప్పలేదు.

మార్చిలో పెయింట్ స్ట్రీట్‌లో ఎవరిదో ఇల్లు ఖాళీ చేస్తున్నారు.
రేకు డబ్బా నిండా వంటల చీటీలు.
రూబార్బ్ పై. చక్కెర కప్పున్నర,
పులుపు ఎక్కువైతే ఇంకాస్త.
ఆ తోక చూడగానే
రోడ్డవతల నుంచి ఎవరో పిలిచినట్టయింది.
కింద చిన్నగా: వెర్నా.
తన పేరు తను రాసుకోగా చూడ్డం అదే మొదలు.
చీటీ ఖరీదు యాభై సెంట్లు.

ఆ రాత్రి రిజిస్టరు తీసి
పదహారు చోట్ల గవర్నరును కొట్టేశాను.
ఆవిడ పేరు రాస్తుంటే, ఏడోసారికో ఎనిమిదోసారికో
నా చెయ్యి కూడా తోక తిప్పడం మొదలెట్టింది.

అసలుదాన్ని అమ్మలేదు,
గోడకీ పెట్టలేదు.
సొరుగులో బోర్లించాను.
కాగితం పల్చన. తీసినప్పుడల్లా
వెనక్కి దిగిన సిరాలో
ఆయన పేరు తిరగబడి కనిపిస్తుంది.