ఎనిమిది బిందెలు

మా పెరంబూరు వీధికి నీళ్ల లారీ
రోజు విడిచి రోజు వచ్చిన ఏడాది
ఇంటికి ఎనిమిది బిందెలు.
అప్పుడు నేర్చుకున్న లెక్కే ఇది.

ఇప్పుడు లారీ నా ఒంట్లోకే వస్తుంది, తెల్లవారుజామున.
ఎన్ని బిందెలు దింపి పోయిందో
మంచం అంచున కూర్చుని
కాలివేళ్లు కదిలించి చూస్తే గాని తెలియదు.

స్నానానికి రెండు.
తల రుద్దుకుంటే మూడు.
వేణ్ణీళ్లయితే ఆ పూటకి అన్నీ ఒలికిపోయినట్టే.
మద్రాసులో పుట్టి వేడి పడదంటే
మా మేనత్త పడీ పడీ నవ్వింది.
ఏప్రిల్ నుంచి మా ఫ్రిజ్‌లో
మజ్జిగ గిన్నె పక్కన
తడి తువ్వాలు చుట్ట చుట్టుకుని ఉంటుంది, నా మెడ కోసం.

రిపోర్టులో 'ప్రోగ్రెసివ్' అని రాశారు.
కోచ్ ఫ్యాక్టరీ డ్రాయింగ్ సెక్షన్‌లో
ఇరవయ్యొక్క ఏళ్లు ప్రోగ్రెస్ చార్టులు గీసినదాన్ని.
గీత ఎటు పోతోందో ఒకరు చెప్పక్కర్లేదు.
పెన్సిలు మాత్రం ఇంకా నా చేతిలోనే ఉంది.
ఎడమ చేతిలో.
కుడిదాన్ని ఈమధ్య నమ్మడం లేదు.

మంగళవారాలు మలర్విళి వస్తుంది,
వ్యాయామం చేయించే పిల్ల.
మొదటి రోజే అడిగింది:
"మీకు ఏం చేసుకోవాలని ఉందక్కా?"
ఏమైందని ఏడుగురు అడిగారు.
ఏం కావాలని ఒక్కరూ అడగలేదు.
తడుముకోకుండా వచ్చేసింది నోట్లోంచి:
తాళింపు. నా పప్పుకి నేనే పెట్టుకోవాలి.

నవ్వలేదు. 'తాళిప్పు' అని తన భాషలో రాసుకుని
టేపు తీసి పొయ్యి గట్టు కొలిచింది.
గట్టుకి సరిపడా ఎత్తు స్టూలు,
మూత బిగించని ఆవాల డబ్బా,
పొయ్యి మర మీద ఎర్రటి గోళ్లరంగు చుక్క.
రెండు మంటలు కనబడితే
ఒక కన్ను మూసుకోవాలి, అంతే.

కష్టమైంది మా ఆయనకి నేర్పడం.
గరిటె జారకముందే పట్టుకునేవారు వరదరాజులుగారు,
నేను అనకముందే నా మాట పూర్తి చేసేవారు.
ఇప్పుడు గుమ్మంలో కూర్చుని
పది నిమిషాలుగా ఒకే వెల్లుల్లి రెబ్బ ఒలుస్తున్నారు.
ఓపిక అంటే సత్తువా, సహనమా?
రెండింటినీ ఒకే డబ్బాలో పోసి పెట్టారు మనవాళ్లు.
నా వాటా తరిగేకొద్దీ
ఆయన తన వాటా తోడి పోయకుండా ఉండాలి.
ఊరికే కూర్చోవడానికి ఎంత ఓపిక కావాలో
ఆ వెల్లుల్లిని అడగండి.

నిన్న మూడే బిందెలు.
పెరుగన్నం తిని ఏడ్చాను.
దానికి అర బిందె ఖర్చు.

చక్రాల కుర్చీ బీరువా వెనక మడిచి ఉంది.
మొన్న ఆదివారం దాన్ని బయటికి తియ్యమన్నది నేనే.
"అప్పుడేనా?" అన్నారాయన, గొంతు మారిపోయి.
బెసంట్ నగర్ పేవ్‌మెంటు దాకా కుర్చీలో వెళ్లి
అక్కణ్ణించి చెప్పులు విప్పి
ఇసుకలో పదకొండు అడుగులు నడిచాను.
నడక మానడానికి కాదండీ కుర్చీ,
నడక ఎక్కడ పెట్టాలో నేను చెప్పడానికి.

ఇవాళ నూనె కాగింది.
ఎడమ కన్ను మూశాను.
ఆవాలు సగం మూకుట్లో, సగం నేల మీద
టపటపలాడాయి.
ఆయన వంగబోయి, ఆగి,
నా వైపు చూశారు.

ఉండనివ్వండి అన్నాను,
వాటికి ఇవాళ బిందె కేటాయించలేదు.