కొంచెం

బుధవారం సాయంత్రం అట్ట మా తలుపుకి తగిలించి ఉంది.
ఆకుపచ్చ అట్ట, తుప్పుపట్టిన క్లిప్పు,
ఈ మెట్లు ఎక్కి దిగే పది ఇళ్ల పేర్లు, పేరు పక్కన గడి.
చదవాలి, ముద్ర గుద్దాలి, ముందుకు పంపాలి.
మాది ఆఖరి గడి. మా తర్వాత కింది అంతస్తు కురమోచిగారికి,
ఈ ఏడు మెట్ల పెద్ద ఆయనే.
ప్లాస్టిక్ చెత్త ఇకమీదట శుక్రవారమట.
కాకులు వల లాగేస్తున్నాయి, అంచున ఇటుక పెట్టమన్నారు.
అట్టడుగున పెన్సిలుతో ఎవరో:
"సాయంత్రాలు పైనుంచి పిల్లల అడుగుల చప్పుడు కొంచెం..."

తొమ్మిది ముద్రలు అప్పటికే పడ్డాయి.
అంటే తొమ్మిది ఇళ్లు చదివాయి.

మా దేశంలో మర్యాద ఆ మూడు చుక్కల దగ్గర ఆగిపోతుంది,
మిగతా వాక్యం తప్పు చేసినవాళ్లే పూర్తి చేసుకోవాలి.
అంట్లు తోముతూ పూర్తి చేశాను.
పాపకి పాలిస్తూ ఇంకోలా పూర్తి చేశాను.
యసుహిరోకి ఫోన్ చేస్తే లారీ పక్కకి ఆపుకుని
అకితలో అప్పుడే మంచు పడుతోందని చెప్పి
"చాపలు కొందాం" అన్నాడు.

శనివారం వచ్చాడు, కొన్నాం. ఒకదాన్నొకటి కరుచుకునే నురుగు చాపలు,
ముప్పై రెండు. ఇబుకి ఆ రాత్రే ఒకదాని అంచు కొరికేశాడు.
"పిల్లిలా నడు నాన్నా" అన్నాను.
"పిల్లులు పరిగెత్తవా?"
"పోనీ, దొంగలా నడు."
"దొంగలూ పరిగెడతారుగా, పోలీసులొస్తే."
నాలుగేళ్లవాడితో వాదించి గెలిచినవాళ్లు ఈ మెట్లమీద లేరు.
అట్ట అయిదు రోజులు మా ఫ్రిజ్ మీదే ఉండిపోయింది.

సోమవారం వాన. మా ఊళ్లో సామెత,
అన్నం డబ్బా మరిచినా గొడుగు మరవకు అని.
నేను రెండూ తెచ్చుకుని డైపర్ల సంచి మరిచాను.
సైకిలు వెనక సీటుకి ప్లాస్టిక్ గూడు,
లోపల ఇబుకి, ఆవిరి పట్టిన గోడమీద వేలితో
తనకొచ్చిన ఒకే ఒక్క అక్షరం రాస్తూ, అదీ తిరగేసి.
ముందు సీట్లో కోనోహ, నా గడ్డం కింద తడిసిన టోపీ.
రైలుగేటు దగ్గర పక్క సైకిలు తల్లి తల వంచింది, నేనూ వంచాను,
ఇద్దరి ముక్కుల చివర్లనుంచీ నీళ్లు కారాయి.

సాయంత్రం చిన్నబడి నోటుపుస్తకంలో,
ఒంటి వేడికీ, తిన్న చేపకీ, పడుకున్న వేళకీ ఉన్న గడుల కింద
టీచరు గుండ్రటి చేతిరాత:
"ఇబుకి ఈరోజంతా మునివేళ్లమీదే నడిచాడు.
ఎందుకంటే, కింద తాతగారున్నారన్నాడు.
మన బడి కింద ఎవరూ లేరు, మట్టే ఉంది అన్నాను.
చీమలున్నాయి అన్నాడు."

చెప్పుల అరల ముందు నిలబడి రెండుసార్లు చదివాను.
వాడి బూట్లలో ఇసుక దులిపాను,
ఇసుక అయిపోయాక కూడా.

ఇంటికొస్తే ముద్ర కనపడలేదు.
సొరుగులన్నీ వెతికి వచ్చేసరికి మా గడిలో ఎర్రపీత ఉంది.
మేజోళ్లకీ క్రేయాన్లకీ ఒక్కోదానికీ అంటించాలని
రాత్రుళ్లు కూర్చుని నేను చేసిన పేరు స్టిక్కరు.
"మన ముద్ర వేసేశా" అన్నాడు. పీకితే కాగితం చిరుగుతుంది.

అలాగే పట్టుకెళ్లాం. కురమోచిగారు
కళ్లజోడు నుదుటినుంచి దింపి పీతని చాలాసేపు చూశారు.
ఆ పెన్సిలు రాత ఆయనదో కాదో నాకు ఇప్పటికీ తెలీదు.
"క్షమించండి, పిల్లలు..." అని నేనూ మధ్యలోనే ఆగాను.
ఆయన లోపలికెళ్లి ఒక ముల్లంగి తెచ్చి
వాడి చేతుల్లో పెట్టారు. వాడి కాలంత ఉంది.
దానికి అంటుకున్న మట్టి ఇంకా తడిగానే ఉంది.

అయిదింటి పాట మైకుల్లో మోగింది, పిల్లలూ ఇళ్లకు పొండి అని.
ముల్లంగిని పాపాయిలా ఎత్తుకుని వాడు పైకెక్కాడు,
ఒక్కో మెట్టూ మునివేళ్లమీద.
తలుపు వేశాక చెప్పాను: పరిగెత్తు. వంటింటిదాకా. ఒక్కసారే.
నా మొహంలోకి చూశాడు, ఇదేమైనా పరీక్షేమోనని.
తర్వాత తొమ్మిది అడుగులు, చాపలు దాటి, చెక్కమీద.
పాప చప్పట్లు కొట్టింది.
ముగ్గురం ఊపిరి బిగబట్టి విన్నాం.
కింద కురమోచిగారి రేడియో గొంతు
కొంచెం