గొట్టపు వాన

రెండూ ఒకావిడే రాసిందని
టైటిల్సు చూడకముందే తెలిసిపోయింది నాకు.
డండీలో, హిల్‌టౌన్ ఎత్తు మీది చిన్న కొట్లో
పదకొండేళ్ళుగా ఊరివాళ్ళ ప్యాంట్లు పొట్టిచేస్తున్నదాన్ని,
తిరగేసి చూస్తే చాలు
కుట్టు ఏ చేతిదో చెప్పగలను.

గురువారం కొట్టు కట్టేసి
పైఅంతస్తు నెట్టా ఇంటికి వెళ్తాను.
ఆమెకు డెబ్భై ఆరు. ఒక చెవి వినదు.
నాకు రెండు చెవులూ వింటాయి గాని ఆ యాస అందదు.
అందుకని తెర అడుగున అక్షరాలు పెట్టుకుని చూస్తాం,
ఆమె బిస్కెట్లు, నా జంతికలు ఒకే పళ్ళెంలో.

మొదటిది "ఉప్పుగాలి". ఇరవై రెండేళ్ళ కిందటిది.
ఫెర్గస్ పడవలు బాగుచేస్తాడు.
మైరీ ప్రతి భాగంలోనూ ఊరు విడిచి వెళ్ళబోతుంది,
ఆరో భాగంలో నిజంగానే బయల్దేరుతుంది.
వాడు గట్టు మీద వానలో పరుగెత్తి వచ్చి
ఒక్కటే మాట: "వెళ్ళకు."
ఆపైన సంగీతం. ఆపైన నెట్టా రుమాలు.

రెండోది పోయినేడు వచ్చింది, "రెండో అంతస్తు".
ఇందులో ఎవరూ పరుగెత్తరు. మోకాళ్ళు సహకరించవు.
యాభై దాటిన షీనా, ఆమె ఇంట్లో అద్దెకు దిగిన గ్రెగర్.
నాలుగు భాగాల దాకా వాళ్ళ మధ్య జరిగిందల్లా
బాయిలర్ రిపేరు.
చివర్లో అతను పెట్టె పట్టుకుని గుమ్మంలో నిలబడితే
ఆమెదీ ఒక్కటే మాట:
"వెళ్తే వెళ్ళు గానీ, ఆ చెత్తడబ్బా కాస్త బయట పెట్టు."
సంగీతం లేదు.
డబ్బా చక్రాల చప్పుడు దూరమై,
ఆగి,
మళ్ళీ దగ్గరై.

ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు.

"ఇదేం ప్రేమ, మునిసిపాలిటీ పని" అంటుంది నెట్టా.
"అదేం ప్రేమ, తీర్థంలో రథం లాగినట్టు" అంటాను నేను.
రథమంటే ఏమిటో చెప్పేసరికి టీ చల్లారిపోతుంది.

మొదటిది పెళ్ళిగౌను, ముందువైపే చూడాలి.
లోపలంతా హడావుడి టాకాలు.
రెండోది రోజూ తొడిగే కోటు,
మోచేతి దగ్గర అతుకు,
దాచకుండా వేరే రంగు దారంతో వేసినది.
కానీ కుట్టు అదే.
ఇద్దరు మాట్లాడుకోబోయే ముందు ఆవిడ
ఒకరి చేతికి ఏదో ఒకటి ఇస్తుంది,
తడి తాడో, స్పానరో, సగం ఒలిచిన నారింజో.
ఉత్తచేతులతో మనిషికి నిజం పెగలదని
ఆవిడకు అప్పుడే తెలుసు.

ఇంకొకటి. మొన్న మళ్ళీ వేసి చూశాను
ఉప్పుగాలి మూడో భాగం.
ఫెర్గసూ మైరీ పోట్లాడుకునే టీకొట్లో, వాళ్ళ వెనకాల
గోధుమరంగు కోటులో ఒకామె ఒంటరిగా కూర్చుని
నారింజ ఒలుస్తూ ఉంటుంది,
తొక్క తెగకుండా, ఒకే చుట్టగా.
పేరు లేదు. మాట లేదు.
షీనా కూడా అచ్చం అలాగే ఒలుస్తుంది.
ఆ మూల బల్ల దగ్గర్నుంచి లేచి
ఈ రెండో అంతస్తు మెట్లెక్కి
చెత్తడబ్బా మాట అనడానికి
ఇరవై రెండేళ్ళు పట్టిందన్నమాట.
మధ్యలో రాసినావిడకి ఏం జరిగిందో,
గట్టు మీద ఎవరు పరుగెత్తి రాలేదో.

ఇది చెబితే నెట్టా చాలాసేపు పలకలేదు.
వినని చెవి వైపు కూర్చున్నానేమో అనుకున్నాను.
తర్వాత అంది:
"ఆ వాన ఉందే, అది వాన కాదు.
బ్రాటీ ఫెర్రీ గట్టు మీద నేనక్కడే ఉన్నాను, ఆలెక్‌తో.
ఫైరింజను తెచ్చి గొట్టంతో పోశారు.
ఆ వారమంతా ఒక్క చుక్క పడలేదు, స్కాట్లండులో!
ఆలెక్ నవ్వీ నవ్వీ
నా భుజం మీద వాలిపోయాడు."

అని, ఆరో భాగం పెట్టమంది.
గొట్టపు వాన మొదలైంది. వాడు పరుగెత్తాడు.
అంతా తెలిసీ ఆమె రుమాలు తీసింది.
నేను ఈసారి ఫెర్గస్‌ని చూడలేదు.
తెర అంచుల్లో వెతికాను,
చూడవచ్చిన జనంలో ఎవరైనా
పొరపాటున ఒక మూల పడ్డారేమోనని.

"కొంచెం వెనక్కి తిప్పు" అంది నెట్టా.