ఎండుగడ్డి రంగు

ఆటోనగర్‌లో, విప్పేసిన లారీల మధ్య
మీరావలి ఉక్కును ఎంచేది
నిప్పురవ్వల్ని చూసి.
సానకి ఆనించగానే బారుగా పోయి ఆరిపోతే
మెత్తది, గేటుకి పోతుంది.
చివర చింతాకులా చీలితే మాత్రం
"ఇది మాట వింటుంది" అంటాడు.

నాంచారమ్మ అడిగింది చేపల కత్తి.
బొచ్చె తల ఒక్క వేటుకి తెగాలి,
ముల్లు తగిలినా అంచు పెచ్చు లేవకూడదు.

మొదటిది బేరింగు ఉక్కు.
తొందరపడి నీళ్లలో ముంచాను నేను.
టిక్‌మంది.
అంతే చప్పుడు. రెండు రోజుల పని.
ఆయన తిట్టలేదు,
విరిగిన ముక్క తీసి నా జేబులో వేశాడు.

రెండోది కమాను పట్టీ.
కొలిమిలో ఎర్రబడి ఎర్రబడి
అయస్కాంతం దాన్ని మరిచిపోయేదాకా ఆగాం.
వెచ్చటి ఆముదంలో దించితే గుప్పున మంట,
పక్క షెడ్డు పెయింటరు దగ్గుతూ బూతులు.
ఆకురాయి దాని మీద జారిపోయింది.
"ఇప్పుడు దీనికి పొగరెక్కింది, కాస్త దించాలి."
ఇసుక పెనం మీద పెట్టి
ఎండుగడ్డి రంగు వచ్చేదాకా రెప్ప వేయొద్దన్నాడు.
అది దాటి నెమలికంఠం తిరిగిందా,
మళ్లీ మొదటికే.

కొల్లూరులో మా నాన్నకి
పదునంటే నేలలో తడి.
నాగలి దిగే ఆ ఒక్క పూట.
ఇక్కడ పూట కూడా లేదు,
ఒక రంగు ఉన్నంతసేపు.

నాంచారమ్మ గోటి మీద ఆనించి చూసింది.
బాగుందనలేదు.
యాభై తగ్గించి చేతిలో పెట్టి పోయింది.

జేబుకి చిల్లు పడితే
ఆ ముక్కని రెండో జేబులోకి మార్చుకున్నాను.